తెల్ల పైపు చుట్ట

గోదావరిఖని
4 మే 2025

బంగారీ,

ఎట్లున్నావు బిడ్డా? ఇక్కడ నేను మంచిగనే ఉన్నాను. మీ మామ కూడా మంచిగనే ఉన్నాడు, దగ్గు ఒక్కటే తగ్గలేదు. ఫోను ఉండగా ఉత్తరమేందని నవ్వకు. ఫోనులో నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నాది విని నీకు వస్తుంది, ఒక్క ముచ్చటైనా పూర్తి కాకముందే పెట్టేస్తున్నాము. కాగితమైతే తడిసినా ఆరబెట్టుకుని మళ్లీ రాసుకోవచ్చు.

రాత్రి బడిలో పంతులమ్మ నేర్పిన తీరున రాస్తున్నాను. మీ మామ పక్కనే కూర్చుని, "ఏందే, పుస్తకం లెక్క రాస్తున్నవ్? ఆమె నీ కోడలా, కలెక్టరా?" అంటున్నాడు. పట్టించుకోను.

ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నం నల్ల తిప్పితే చాయ పెట్టుకునేటంత వేడి నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లను చూసే నాకు ఫ్రిజ్ యాదికొచ్చింది. నిరుడు ఎండాకాలం, బదిలీ మీద పోతున్న ఆఫీసరు దగ్గర కొని, ట్రాలీ ఆటోలో జగ్గు తెచ్చిన ఆ రెండు తలుపుల ఫ్రిజ్. దింపిన రోజు వాడు ఏమన్నాడో నీకు యాది ఉన్నదా? "అవ్వా, దీని ఎనుక సన్న పైపు పెట్టి నల్లకు కలిపితే నీళ్లు అదే తాగుతది, బరఫ్ అదే చేసి కింద పోసుకుంటది. ఇగ బజార్ల బరఫ్ కొనుడు బంద్" అన్నాడు. నేను, "మరి నిండినంక చాలని దానికెట్ల తెలుస్తదిరా?" అని అడిగినాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వి, "తెలుస్తదే. అది నీ లెక్క కొసరి కొసరి పెట్టదు" అన్నాడు. ఎట్లా తెలుస్తుందో మాత్రం చెప్పలేదు. కలిపినంక చూపిస్తానన్నాడు. కలపకముందే వాన రోజు బండి మీద పోయి, ఇంటికి రాలేదు.

వచ్చే ఆషాఢ పున్నమికి వాడి ఏడాది. పెద్దలకు పెట్టినట్టు వాడికీ విస్తరి పెట్టాలి, వాడి పేరున చెంబుతో నీళ్లు వదిలి సాక పోయాలి. బొగ్గు బాయిలో పని దిగి వచ్చి, చెప్పులు ఇడవకముందే "అవ్వా, సల్లటి నీళ్లు" అనేవాడు కదా. అందుకని వాడి సాకలో ఐసు నీళ్లు పోయాలని నా మనసు. బజారు ఐసు వద్దు. వాడు తెచ్చిన ఫ్రిజ్, తనంతట తాను చేసిన ఐసే కావాలి.

ఇంతకూ ఆ పైపు ఏది బిడ్డా? సన్నది, తెల్లది. వాడు చుట్ట చుట్టి ఫ్రిజ్ మీద పెట్టినట్టు నాకు యాది. అటక మీద, మంచం కింద, మీ మామ పాత డ్యూటీ పెట్టెలో కూడా చూసినాను. లేదు. ఫ్రిజ్ నీది, నువ్వు సరేనంటేనే కలిపిస్తాను.

జగ్గు పోయినంక వాడి బదులు ఉద్యోగంలో నువ్వు చేరి అటు పోయిన కాడి నుంచి ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. కాసిపేట ఎంత దూరం? ఆదివారం పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు వస్తావు. కొత్త డ్యూటీ, సెలవు దొరకదని అడిగినవాళ్లకు నేనే చెప్తున్నాను. నిజమో కాదో నువ్వే చెప్పాలి.

నీ అత్త,
సారవ్వ


కాసిపేట
13 మే 2025

అత్తమ్మకు, మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మామయ్యకు చెప్పండి, కలెక్టరుకు ఇంత మంచి ఉత్తరాలు రావు.

నన్ను ల్యాంప్ రూంలో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగ్‌కు పెట్టడం నా పని. ఎవరి లైటుకు వారి నంబరు. షిఫ్టు దిగాక ఒక గూడు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అందరి లైట్లూ తిరిగి వచ్చేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు. "సంతోషమ్మా, నీ ఇంటాయన కోసం సూసినట్టు ఎదురుచూస్తవేంది మా కోసం?" అని పెద్ద మనుషులు నవ్విస్తారు. అన్నాక వాళ్లకే గుర్తొచ్చి నాలుక కరుచుకుంటారు.

సెలవు నిజంగానే అడగలేకపోతున్నాను. ఇంకా పని నేర్చుకుంటున్న దాన్ని.

పైపు కోసం వెతకకండి. కొత్తది కొనండి. నీళ్ల ఫిల్టర్లు అమ్మే షాపులో అదే పైపు దొరుకుతుంది. ఫ్రిజ్ మీది. మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి, నన్ను అడగక్కర్లేదు.

ఎండకు బయట తిరగకండి.

సంతోషి


గోదావరిఖని
25 మే 2025

బంగారీ,

ఫ్రిజ్ మీది అన్నావు. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మీ మామకు చదివి వినిపిస్తే, "మీది అన్నదంటే ఇగ మనతోని లెక్క తెంపుకున్నట్టేనా?" అన్నాడు. పక్కింటి రాహేలు అక్కడే ఉన్నది. "ఊకో అన్నా, నోరు మంచిగ పెట్టుకో. పిల్ల మర్యాదకు అన్నది" అని కసిరింది. మర్యాదకే అన్నావా బిడ్డా? మన ఇంట్లో మర్యాద ఎప్పటి నుంచి వచ్చింది?

పోనీ. జరిగింది చెప్తాను, విను.

రాహేలు తమ్ముడు జాన్ ప్రసాద్ ఇండ్లల్లో ఫిల్టర్లు బిగిస్తాడు. వచ్చి ఫ్రిజ్ చుట్టూ తిరిగి చూసి, "అక్కా, ఫిల్టర్లు శాన పెట్టిన గని, ఫ్రిజ్‌కు నల్ల కలుపుడు నాక్కూడ కొత్తనే. సూద్దాం, ఏమైతదో" అన్నాడు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. అందరం కొత్తవాళ్లమే.

మంచినీళ్ల ట్యాంకు నుంచి వంటింట్లోకి వచ్చే లైను మధ్యలో ఒక చిన్న ముక్క బిగించి, దానికి నా బొటనవేలంత వాల్వ్ పెట్టినాడు. అక్కడి నుంచి దారం లాంటి పైపు గోడ వెంబడి పోయి ఫ్రిజ్ వీపులో దూరింది. దూరే ముందు పైపు కొసను బకెట్‌లో పెట్టి నీళ్లు ఇడిచిపెట్టినాడు. పైపులో దుమ్ము ఉంటే పోవాలట. మొదట వచ్చే ఐసు తినొద్దు, పారబోయాలట. పసిపిల్లకు మొదటి స్నానం పోసినట్టే ఉన్నది వ్యవహారం.

మీ మామ నిలువనిస్తాడా? "నా సర్వీసంత పంపు కాడనే. బాయిల నీళ్లు బయటికి తోలుడే నా పని. గీ దారమంత పైపుల నీళ్లు లోపటికి తోలుడు నాతోని గాదా?" అని అతని చేతిలోని బిగించే పాన తీసుకున్నాడు. జాన్ ప్రసాద్ నవ్వి ఇచ్చేసినాడు.

రాహేలు ఫ్రిజ్ తలుపుకు చెవి ఆనించింది. "అక్కా, గుటక ఏసింది!" అన్నది. నేనూ చెవి పెట్టినాను. నిజమే, దాహమైన మనిషి తాగినట్టే ఒక గుటక. అందరం నవ్వినాము. ఆ నవ్వు మన ఇంట్లోదేనా అని నాకే వింత అనిపించింది.

ఇప్పటికీ ఐసు రాలేదు బిడ్డా. తెల్లారి తలుపు తీసి చూస్తాను, డబ్బా ఎండిపోయి ఉంటుంది. సల్లగా మాత్రం ఉంటుంది. పైపులో నీళ్లున్నాయి, ట్యాంకులో నీళ్లున్నాయి. తెచ్చినవాడు లేడని దానికి తెలిసిందేమో అని నేను. "మిషనుకు గట్ల ఉండదే పిచ్చిదానా" అని మీ మామ. మరి ఎట్లుంటది?

అన్నం వేళకు తింటున్నావా?

సారవ్వ


కాసిపేట
5 జూన్ 2025

అత్తమ్మా,

లెక్క తెంపుకోవడం అనే మాట మామయ్య నోట వస్తుందనుకోలేదు. మర్యాదకు అనలేదు. ఆ ఇంట్లో ఏది నాది అనుకోవాలో నాకు తెలియలేదు, అందుకని అన్నాను. దినాల రోజు వసారాలో ఒకామె అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "ఉద్యోగం కోడలికి పాయె, ఇగ కోడలు గూడ పాయె" అని. నేను గడపలో అడుగు పెడితే జగ్గు ఉద్యోగం తీసుకున్న మనిషి వచ్చింది అన్నట్టు చూస్తారేమోనని నా భయం. మీరు కాదు, వచ్చేపోయేవాళ్లు. కానీ మీరూ ఆ రోజు ఏమీ అనలేదు కదా.

ఐసు సంగతి. ఇక్కడ కొమురెల్లి అని ఒక పంపు ఆపరేటర్ ఉన్నాడు. పని దిగేటప్పుడు వాల్వ్ కట్టేయడం ఎంత అలవాటంటే, చాయ తాగడానికి పోయినా అక్కడి నల్ల కూడా బంద్ చేసి వస్తాడు. చాయ హోటలాయన రోజూ తిడతాడు. మామయ్యను ఒకసారి అడిగి చూడండి. ఐసు చేసే ఫ్రిజ్‌కు వాల్వ్ ఎప్పుడూ తెరిచే ఉండాలి. అది తనకు కావలసినప్పుడు కొంచెం కొంచెం తీసుకుంటుంది.

ఇప్పట్లో రావడం కుదరదు.

సంతోషి


గోదావరిఖని
14 జూన్ 2025

బంగారీ,

దొంగ దొరికినాడు.

నీ ఉత్తరం చదివి, మీ మామకు చెప్పకుండా వంటింట్లో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. మీ మామ బయటికి పోవడానికి కండువా వేసుకున్నాడు. గడప దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చి, వంగి, వాల్వ్ కట్టేసినాడు. కట్టేసి చేతులు కూడా దులుపుకున్నాడు!

"ఏం చేస్తున్నవయ్యా?"

"ఏం చేస్తున్న? మనిషి లేనప్పుడు వాల్వ్ తెరిచి పెట్టి పోతరానే? పైపు పగిలితే ఎవలు జవాబుదారి?"

"నేను లేనా ఇంట్ల? నేను మనిషిని గాదా?"

"నువ్వు పంపు ఆపరేటర్‌వా?" అన్నాడు బిడ్డా, ఆ మాట అన్నాడు! బయటికి పోయినప్పుడల్లా, రాత్రి పడుకునేటప్పుడూ ఇట్లనే కట్టేస్తున్నాడట, ఇన్ని రోజులు ఫ్రిజ్ నోరెండి కూర్చున్నది. "నీ కోడలు కాసిపేటల కూసుండి నిన్ను పట్టుకున్నది" అని నీ ఉత్తరం చూపిస్తే, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్ల హుషారున్నది. జగ్గు గూడ గిట్లనే నన్ను పట్టుకుంటుండె" అన్నాడు. తరువాత బయటికి పోలేదు. లెక్క తెంపుకోవడం మాట ఎందుకు అన్నానా అని తనలో తనే అనుకోవడం విన్నాను. నీకు చెప్పమనలేదు. నేను చెప్తున్నాను.

ఆ తెల్లారి ఐసు వచ్చింది. రాహేలు, నేను అన్నం తింటున్నాము. లోపల గలగలమని రాళ్లు పడ్డ చప్పుడు. ఇద్దరం ఎంగిలి చేతులతోనే లేచినాము. చెప్పిన ప్రకారం మొదటి గడ్డలు పారబోసి, తరువాతి వాటి కోసం మళ్లీ చెవి పెట్టుకుని కూర్చున్నాము.

అవి వచ్చినంక నాకు ముట్టుకోబుద్ధి కాలేదు. నీకు చెప్తే ఏమిటి, నీకూ తెలుసు. వాడిని పెట్టిన అద్దాల పెట్టె మీద చెయ్యి ఆనిస్తే ఇదే సల్లదనం. డబ్బా పట్టుకుని నిలబడ్డాను. రాహేలు దగ్గరికి వచ్చింది. ఒక గడ్డ తీసి నా నోట్లో పెట్టింది. "కరిగిపోతది అక్కా, చూడు" అన్నది. కరిగిపోయింది. నీళ్లయి గొంతులోకి పోయింది.

నేను జగ్గును అడిగిన దానికి జవాబు కూడా దొరికింది. ఐసు డబ్బా మీద ఒక తీగ చెయ్యి ఉన్నది. గడ్డలు నిండుతూ ఉంటే ఆ చెయ్యిని పైకి లేపుతాయి. చెయ్యి లేచిందంటే చాలని అర్థం, మిషను ఆగిపోతుంది. వాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలే అవ్వా" అనేవాడు చూడు, అచ్చం అట్లనే. నేను ఆగేదాన్ని కాదు. ఇది ఆగుతుంది.

ఇంత సంబురం అయినంక ఒక పాడు పని జరిగింది. ఊడుద్దామని ఫ్రిజ్‌ను కొంచెం ముందుకు లాగినాను. జాన్ ప్రసాద్ పైపును గోడకు సరిగ్గా కొలిచి కోసినాడు, గింతంత కూడా ఎక్కువ లేదు. పుటుక్కున ఊడింది. వంటిల్లంతా నీళ్లు. వాల్వ్ కట్టేయడానికి మీ మామ ఉరికి వచ్చినాడు, ముఖం వెలిగిపోతున్నది. "జూసినవా, జూసినవా!" అని.

జాన్ ప్రసాద్ వచ్చి తల కొట్టుకున్నాడు. "తప్పు నాదే అక్కా. ఎనుక ఒక చుట్ట పైపు ఇడిచిపెట్టాలె. ఫ్రిజ్ ముందటికి జరిగితే చుట్ట సాగుతది, పైపు తెగది. పొడుగు పైపు తీసుకొస్త" అన్నాడు. వద్దు, రెండు రోజులు ఆగుమన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఇక వసారాలో అన్న మాట. అన్నది ఎవరో నాకు తెలుసు. ఆ రోజు నా చెవులకు ఏదీ ఎక్కలేదు బిడ్డా, నా ముందు ఎవరు కూర్చున్నారో కూడా ఎరుక లేదు. మొన్న ఆమె మళ్లీ వచ్చింది. "కోడలు జీతం పంపుతదా?" అని అడిగింది. "నా కొడుకు ఉద్యోగం కాడ నా కోడలు పేరున్నది. నాకు అదే జీతం. చాయ తాగి పో" అన్నాను. ఈసారి వస్తే చాయ కూడా పోయను.

నువ్వు ఏ ముఖంతో గడప దాటాలా అని చూడకు. పైపు సంగతి కూడా ఇక అడగను.

నీ అత్త


కాసిపేట
22 జూన్ 2025

అత్తమ్మా,

పైపు నా దగ్గరే ఉంది.

మీరు మొదటి ఉత్తరంలో అడిగినప్పుడే చెప్పాల్సింది. వెతకకండి అని రాసి తప్పించుకున్నాను. మీరు అటక ఎక్కి వెతికారని చదివినప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది.

ఫ్రిజ్ దింపిన రోజు ఆయన వంటింట్లో కింద కూర్చుని పైపును చుట్టాడు. బాయిలో కేబుల్ చుట్టినట్టు, అరచేతి నుంచి మోచేతికి, మోచేతి నుంచి అరచేతికి. "పైపును గట్ల చుడతారా ఎవరైనా?" అని నేను నవ్వితే, "మా కాడ గిట్లనే చుడతం, మడత పడది, మెలి పడది" అన్నాడు. చివర్లో కొసను లోపలికి దోపి ముడి వేశాడు. ఆ చుట్ట ఆయన చెయ్యంత ఉంటుంది. అరచేతి నుంచి మోచేతి దాకా. నేను నా చేతికి పెట్టి చూసుకుంటే పెద్దదవుతుంది.

బట్టలు సర్దుకునేటప్పుడు దాన్ని పెట్టెలో అడుగున పెట్టుకున్నాను. ఫ్రిజ్‌కు కలపాలంటే విప్పాలి కదా. ఒకసారి విప్పితే మళ్లీ అట్లా చుట్టే మనిషి లేడు. మీరు అడిగితే ఇవ్వకుండా ఉండలేను, ఇస్తే విప్పకుండా ఉండలేరు. అందుకే చెప్పలేదు. అందుకే రాలేదు కూడా, సగం.

మీ ఉత్తరంలో జాన్ ప్రసాద్ అన్న మాట చదివి ఆ చుట్టను పెట్టెలోంచి తీసి ముందు పెట్టుకున్నాను. వెనక ఒక చుట్ట ఇడిచిపెట్టాలి అన్నాడు కదా? విప్పకుండా, చుట్టినట్టే, రెండు కొసలు మాత్రం బయటికి తీస్తే నీళ్లు పోతాయా? మామయ్యను అడగండి. పంపు ఆపరేటరు కదా.

జవాబు రాయకండి. వచ్చే ఆదివారం నేనే తెస్తాను. మామయ్య నీళ్లు పోవు అంటే, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టుకుని వచ్చేస్తాను. కోపం చేసుకోవద్దు.

సంతోషి


గోదావరిఖని
2 జూలై 2025

బంగారీ,

నువ్వు ఆదివారం సాయంత్రం బస్సెక్కినంక మీ మామ బస్టాండు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. "పోదాం పా" అంటే, "ఆగు, ఇంకా మలుపు తిరుగుతుండొచ్చు" అన్నాడు. బస్సు ఎప్పుడో పోయింది.

నువ్వు పోయేటప్పటికి ఐసు పడలేదని మనసులో పెట్టుకున్నావు, నాకు తెలుసు. ఒక రోజు పడుతుందని జాన్ ప్రసాద్ చెప్పినా నువ్వు తలుపు తీసి తీసి చూసినావు. తీసినప్పుడల్లా సల్లదనం బయటికి పోతుందని మీ మామ గొణిగినాడు గాని, నువ్వు అటు తిరగగానే తనూ తీసి చూసినాడు.

సోమవారం పొద్దున పడ్డది. ఇద్దరమూ వసారాలో ఉన్నాము. గలగలమన్నది. ఇద్దరం ఒక్కసారే లేచినాము. గడ్డలు నిండుగా, తెల్లగా ఉన్నాయి. అన్ని మెలికలూ తిరిగి, వాడి మోచేతి చుట్టూ తిరిగినట్టు తిరిగి, నీళ్లు అక్కడిదాకా చేరినాయి. "నీళ్లకు మెలికలతోని ఏం ఫికర్? దారి ఉంటే సాలు" అని మీ మామ నీకు చెప్పింది నిజమే.

పైపు బిగించేటప్పుడు నువ్వు ఆ చుట్టను రెండు చేతులతో పట్టుకుని, "ముడి ముట్టకు అన్నా, కొస ఒక్కటే తియ్యి" అంటుంటే, జాన్ ప్రసాద్ పురిటి బిడ్డను పట్టినట్టు పట్టినాడు. వాడు దోపిన ముడి అట్లనే ఉన్నది. రోజూ చూస్తున్నాను. నిన్న పరీక్షకని ఫ్రిజ్‌ను ముందుకు లాగినాను. మీ మామ "వద్దే, వద్దే" అని వాల్వ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. చుట్ట కొంచెం సాగింది. ఊడలేదు. మళ్లీ వెనక్కి నెడితే మళ్లీ దాని తీరుకు అది వచ్చి కూర్చున్నది. కాసిపేట కూడా ఈ చుట్ట సాగేటంత దూరమే అనుకుంటున్నాను.

మీ మామ వాల్వ్ కట్టడం మానేసినాడు. బయటికి పోయేటప్పుడు వంగి చూస్తాడు, చెయ్యి పెడతాడు, తీస్తాడు. "తెరిచే ఉన్నదా?" అని నన్ను అడిగి పోతాడు. తెరిచే ఉన్నదని చెప్తాను.

వచ్చే గురువారం పున్నమి. విస్తరి నేను వేస్తాను, సాక మాత్రం నీ చేతితోనే పోయాలి. సెలవు దొరకక రాలేకపోతే దిగులు పెట్టుకోకు. గడ్డలు ఒక డబ్బాలో తీసి పెడతాను, నువ్వు వచ్చిన రోజే పోద్దాము. వాడు ఆగుతాడు. సల్లటి నీళ్ల కోసం నేను బిందె కడిగేదాకా గడపలో కూర్చునేవాడు కదా.

బాయి పని దిగినవాళ్ల లైట్లు అన్నీ వచ్చినాక నువ్వు కూడా కూర్చో. టిఫిన్ డబ్బా మూత తీయకుండా మళ్లీ ఇంటికి తెచ్చుకుంటున్నావని నీ డబ్బా కడిగినప్పుడే నాకు తెలిసింది. ఆదివారం విస్తరిలో కూడా చెయ్యి అడ్డం పెట్టినావు, చూసినాను. ఆ తీగ చెయ్యి ఐసు డబ్బాకు సరిపోతుంది. నీకు వద్దు.

కడుపు నిండా తిను బిడ్డా.

నీ అత్త,
సారవ్వ